అమెరికాలో ఇల్లు కొనేవారికి గృహ బీమా: క్లోజింగ్‌కు ముందే చదవవలసిన కాగితాలు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్, మెకిన్నీ వంటి ఊళ్లలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు తూర్పు ముఖం కోసం నెలల తరబడి వెతుకుతాయి, బడుల రేటింగులు సరిచూస్తాయి, వడ్డీలో పావు శాతం తగ్గించుకోవడానికి అప్పిచ్చే నలుగురు లెండర్లతో బేరమాడతాయి. గృహ బీమా దగ్గరకు వచ్చేసరికి మాత్రం, క్లోజింగ్‌కు (ఇల్లు చేతులు మారే చివరి సంతకాలకు) వారం ముందు లెండర్ అడిగాడు కాబట్టి, చేతికి వచ్చిన రెండు కోట్‌లలో (ప్రీమియం అంచనాల్లో) ఏది తక్కువైతే దానికి సంతకం పెట్టేస్తాయి. మా మొదటి ఇంటికి మేమూ అలాగే చేశాం. రెండో ఏడాది ఏప్రిల్‌లో వడగళ్ల వాన పడింది. మరునాడు పొద్దున్నే, పైకప్పు షింగిల్స్ (తారు పలకల) నుంచి రాలి గట్టర్ గొట్టం కింద కుప్పగా పోగైన నల్లటి ఇసుకను గుప్పిటలోకి తీసుకుని చూస్తున్నప్పుడు కూడా, మా పాలసీలో వడగళ్లకు వేరే డిడక్టిబుల్ (నష్టంలో మొదట మనమే భరించవలసిన మొత్తం) ఉందన్న సంగతి నాకు తెలియదు.

గృహ బీమా నిబంధనలు అమెరికాలో రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. నాకు బాగా తెలిసినది టెక్సస్ కాబట్టి దానినే ఉదాహరణగా తీసుకుని, ఇల్లు చూసుకునే దశ నుంచి క్లెయిమ్ డబ్బు చేతికి వచ్చే దాకా ఏ దశలో ఏమి చేయాలో చెబుతాను.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. భారతదేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ అందిస్తున్న భారత్ గృహ రక్ష పాలసీలో అగ్నిప్రమాదంతో పాటు తుఫాను, వరద, భూకంపం కూడా మూల పాలసీలోనే కలిసి ఉంటాయి. అక్కడి అలవాటుతో వచ్చినవారు ఇక్కడి పాలసీ కూడా అలాగే ఉంటుందని అనుకుంటారు. అమెరికాలో మామూలు గృహ బీమా వరదకు చెల్లించదు, భూకంపానికీ చెల్లించదు. ఈ రెండింటికీ వేరే ఏర్పాటు చేసుకోవాలి.

మొదటి మెట్టు: ఏ కాగితం దేనికో తెలుసుకోవడం

ఇల్లు కొనేటప్పుడు బీమా, వారంటీ అన్న పేర్లతో నాలుగైదు ఖర్చులు కనబడతాయి. డౌన్‌పేమెంట్ 20 శాతం కంటే తక్కువైతే కట్టించుకునే పీఎంఐ (ప్రైవేట్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) మీరు అప్పు ఎగ్గొడితే లెండర్‌ను కాపాడుతుంది. మీ ఇంటికి దానితో పని లేదు. టైటిల్ ఇన్సూరెన్స్ యాజమాన్య హక్కులో పాత చిక్కులు బయటపడితే పనికొస్తుంది. హోమ్ వారంటీ ఏసీ, డిష్‌వాషర్ వంటివి వాడకంలో పాడైనప్పుడు బాగుచేయించే సేవా ఒప్పందం. ఇల్లు కాలినా, గాలివానకు కూలినా, దొంగలు పడినా, మీ ఇంటి మెట్ల మీద ఎవరైనా జారిపడి దావా వేసినా ఆదుకునేది హోమ్‌ఓనర్స్ ఇన్సూరెన్స్ (గృహ బీమా) ఒక్కటే.

అందులోనూ రకాలున్నాయి. సొంత ఇంటికి సాధారణంగా అమ్మేది హెచ్‌ఓ-3. ఇందులో కట్టడానికి, మినహాయింపుల్లో రాసినవి తప్ప మిగిలిన కారణాలన్నీ వర్తిస్తాయి. ఇంట్లోని సామానుకు మాత్రం పేరు పెట్టి రాసిన కారణాలే వర్తిస్తాయి. హెచ్‌ఓ-5లో సామానుకు కూడా కట్టడానికి ఉన్నంత విస్తృతమైన రక్షణ ఉంటుంది. కాండోకు (సొంతంగా కొన్న ఫ్లాటుకు) హెచ్‌ఓ-6, అద్దెకుండేవారికి హెచ్‌ఓ-4. అద్దె అపార్టుమెంటులో ఉంటున్నవారు ఒక మాట గుర్తుంచుకోవాలి: యజమాని బీమా గోడలకే గాని మీ ల్యాప్‌టాప్‌కు, మీ మంచానికి కాదు.

రెండో మెట్టు: డిక్లరేషన్స్ పేజీ చదవడం

పాలసీ పుస్తకం వంద పేజీలున్నా, మీ ఇంటికి సంబంధించిన అంకెలన్నీ మొదట్లో ఉండే డిక్లరేషన్స్ పేజీలో ఉంటాయి. కోట్ వచ్చిన రోజే ఆ పేజీ నమూనాను ఏజెంటును అడిగి తెప్పించుకోండి. అందులో ఏ (A) నుంచి ఎఫ్ (F) దాకా కవరేజ్ వరుసలు కనిపిస్తాయి.

కవరేజ్ ఏ అంటే కట్టడం. బీ అంటే ఇంటికి విడిగా ఉన్న కంచె, షెడ్డు వంటివి. మామూలుగా ఇది ఏలో 10 శాతం ఉంటుంది. సీ అంటే సామాను, ఇది సాధారణంగా ఏలో సగం నుంచి 70 శాతం దాకా ఉంటుంది. డీ అంటే, ప్రమాదం తరువాత ఇల్లు నివాసయోగ్యం కానప్పుడు మీరు బయట ఉండడానికి అయ్యే అదనపు ఖర్చు. ఈ (E) అంటే వ్యక్తిగత బాధ్యత, అంటే మీ వల్ల ఇతరులకు కలిగిన నష్టానికి చెల్లించవలసి వచ్చే మొత్తం. ఎఫ్ అంటే మీ ఇంట్లో గాయపడిన అతిథుల చిన్నపాటి వైద్య ఖర్చు. ఇది వేల డాలర్లలోనే ఉంటుంది కాబట్టి, ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రుల విజిటర్ ఇన్సూరెన్స్‌కు ఇది బదులు కాదు.

వ్యక్తిగత బాధ్యత చాలా కోట్‌లలో లక్ష డాలర్లుగా వస్తుంది. దానిని 3 లక్షలకు పెంచితే ప్రీమియంలో పెరిగేది చాలా స్వల్పం కాబట్టి పెంచమనే చెబుతాను. ఈత కొలను, ట్రాంపొలిన్, కుక్క ఉన్నవారు 10 లక్షల డాలర్ల అంబ్రెల్లా పాలసీ (గృహ బీమా పరిమితి దాటిన బాధ్యతకు చెల్లించేది) కూడా ఆలోచించాలి.

మూడో మెట్టు: కట్టడం విలువను సరిగా నిర్ణయించడం

కవరేజ్ ఏ అంటే మీరు ఇల్లు కొన్న ధర కాదు, మీ అప్పు మొత్తమూ కాదు. అదే ఇంటిని అదే స్థలంలో ఈనాటి కూలీ, సామగ్రి ధరలతో తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చు. ఇల్లు కాలిపోయినా స్థలం ఎక్కడికీ పోదు కాబట్టి దాని విలువ ఇందులో చేరదు. ఏజెంటు వాడే లెక్కలో చదరపు అడుగులు, గ్రానైట్ గట్లు, చెక్క నేల, గ్యారేజీ పరిమాణం సరిగా పడ్డాయో లేదో ఒక్కొక్కటిగా సరిచూడండి. తిరిగి కట్టే ఖర్చులో కనీసం 80 శాతానికి బీమా చేయకపోతే, చిన్న నష్టానికి కూడా పూర్తి మొత్తం ఇవ్వకుండా కోత పెట్టే నిబంధన మామూలు పాలసీల్లో ఉంటుంది. పాత ఇల్లయితే ఆర్డినెన్స్ ఆర్ లా కవరేజ్ ఎంత ఉందో అడగండి, ఎందుకంటే నగర నిర్మాణ నియమాలు మారిపోయి ఉంటే కొత్త నియమాల ప్రకారం కట్టడానికి అయ్యే అదనపు ఖర్చు దాని నుంచే వస్తుంది.

నాలుగో మెట్టు: పైకప్పు, డిడక్టిబుల్

ఉత్తర టెక్సస్‌లో ఇల్లు కొనేవారు అన్నింటికంటే ఎక్కువ సమయం పెట్టవలసినది ఇక్కడే. మామూలు నష్టాలకు ఒక డిడక్టిబుల్ ఉంటుంది. గాలి, వడగళ్లకు వేరే డిడక్టిబుల్ ఉంటుంది. ఈ రెండోదాన్ని సాధారణంగా డాలర్లలో కాక శాతంలో రాస్తారు. 1 శాతం, 2 శాతం అని చూసి, నష్టంలో అంత శాతమే కదా అనుకుంటారు. అది కవరేజ్ ఏలో శాతం.

లెక్క వేసి చూద్దాం. కట్టడం బీమా 4.5 లక్షల డాలర్లు, డిడక్టిబుల్ 2 శాతం అనుకుంటే, మీ చేతి నుంచి పడేది 9,000 డాలర్లు. పైకప్పు మార్చడానికి 20,000 అవుతుందని, 25 ఏళ్ల మన్నిక ఉన్న షింగిల్స్ వేసి పదేళ్లు గడిచాయని అనుకుందాం. వయసు కింద 8,000 తరుగుదల తీసేస్తే ప్రస్తుత విలువ 12,000. అందులో 9,000 పోగా మొదటి చెక్కు 3,000కే వస్తుంది. పాలసీ రీప్లేస్‌మెంట్ కాస్ట్ (కొత్తది వేయించే పూర్తి ఖర్చు) పద్ధతిలో ఉంటే, పని పూర్తిచేసి బిల్లు చూపించాక ఆపి ఉంచిన 8,000 కూడా ఇస్తారు. పాలసీలో పైకప్పుకు యాక్చువల్ క్యాష్ వాల్యూ (తరుగుదల తీసేసిన విలువ) అని రాసి ఉంటే ఆ 3,000తోనే సరి. మిగిలిన 17,000 మీరే పెట్టుకోవాలి. రెండు కోట్‌ల మధ్య ఏడాదికి నాలుగైదు వందల తేడా కనబడినప్పుడు, తేడా చాలావరకు ఈ ఒక్క వాక్యంలోనే దాగి ఉంటుంది. మేము 'తక్కువ' అనుకుని తీసుకున్న కోట్‌లో జరిగినది ఇదే.

కాబట్టి ఏజెంటుకు మెయిల్‌లో ఈ ప్రశ్నలు రాసి, జవాబు కూడా రాతపూర్వకంగానే తెప్పించుకోండి: గాలి, వడగళ్ల డిడక్టిబుల్ ఎన్ని డాలర్లు? పైకప్పుకు రీప్లేస్‌మెంట్ కాస్టా, యాక్చువల్ క్యాష్ వాల్యూనా, లేక వయసును బట్టి తగ్గే పట్టికా? నీరు కారకపోయినా సొట్టలు పడితే చెల్లిస్తారా, లేక దానిని కాస్మెటిక్ నష్టమని మినహాయించారా? పైకప్పు మార్చుకునే అవకాశం వచ్చినప్పుడు క్లాస్ 4 షింగిల్స్ వేయిస్తే వడగళ్లను బాగా తట్టుకుంటాయి, ప్రీమియంలో రాయితీ ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి.

వడగళ్లు పడిన మరునాడే తలుపు తట్టి, డిడక్టిబుల్ మీరు కట్టనక్కరలేదు, మేమే సర్దుబాటు చేస్తాం అనే కాంట్రాక్టర్లు వస్తారు. టెక్సస్‌లో 2019 సెప్టెంబర్ 1 నుంచి అది చట్టవిరుద్ధం. మీరు డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు చూపమని కంపెనీ అడగవచ్చు.

ఐదో మెట్టు: నీటి విషయం

బీమా భాషలో నీరు ఒకటి కాదు. పైపు హఠాత్తుగా పగిలి ఇల్లు తడిస్తే చెల్లిస్తారు. అదే పైపు సింకు కింద వారాల తరబడి చుక్కచుక్కగా కారి చెక్క కుళ్లిపోతే, అది నిర్వహణ లోపం అంటారు. మురుగు నీరు డ్రెయిన్ నుంచి వెనక్కి తన్నితే, దానికి విడిగా ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు రక్షణ) కొని ఉండాలి. వాన నీరు నేల మీదుగా పారి గడప దాటి లోపలికి వస్తే అది వరద, మామూలు పాలసీలో దానికి చోటు లేదు.

వరద బీమాను ఎక్కువగా ఇచ్చేది 1968లో మొదలై ఇప్పుడు అమెరికా విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా నడుపుతున్న జాతీయ వరద బీమా పథకం. దీనిలో ఇంటికి గరిష్ఠంగా 2.5 లక్షల డాలర్లు, సామానుకు లక్ష డాలర్లు. బయట ఉండే ఖర్చు ఇందులో రాదు. కొన్న తరువాత 30 రోజులు ఆగాకే అమలులోకి వస్తుంది కాబట్టి, తుఫాను హెచ్చరిక విన్నాక కొనడం వృథా. ఇంటి అప్పుతో పాటు తీసుకుంటే మాత్రం ఆ నిరీక్షణ ఉండదు. ఫెమా పటంలో మీ చిరునామా వేసి చూడండి. ఏ (A) లేదా వీ (V) అక్షరంతో మొదలయ్యే, వరద ప్రమాదం ఎక్కువున్న జోన్ అయితే, ప్రభుత్వ మద్దతు ఉన్న అప్పులకు లెండర్ వరద బీమాను తప్పనిసరి చేస్తాడు. ఎక్స్ (X) జోన్ అయితే తప్పనిసరి కాదు, కానీ 2017లో హార్వీ తుఫానుకు హ్యూస్టన్‌లో మునిగిన ఇళ్లలో చాలా భాగం ఆ ప్రమాద జోన్లకు బయట ఉన్నవే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగిన దృశ్యాలు మనం చూసినవే. పటం మీద గీసిన గీత దగ్గర నీరు ఆగదని మనకు వేరే చెప్పనక్కరలేదు. హ్యూస్టన్ ప్రాంతంలో కొనేవారు తమది ఎలాంటి జోన్ అయినా వరద బీమా తీసుకోవాలన్నది నా దృఢాభిప్రాయం.

గడ్డకట్టే చలి సంగతి ఇంకొకటి. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో చాలా చోట్ల కరెంటు పోయి, అటక మీద పైపులు పగిలి, వేల ఇళ్లలో సీలింగులు ఊడిపడ్డాయి. ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు లోపల వేడి ఉంచాలి, లేదా నీళ్లు ఆపి పైపులు ఖాళీ చేయాలి అన్న షరతు పాలసీల్లో ఉంటుంది. సంక్రాంతికి ఊరెళ్లేవారు థర్మోస్టాట్‌ను పూర్తిగా ఆపి వెళ్లకూడదు. వీధి వైపున్న నీటి వాల్వ్ ఎక్కడుందో ఈ రోజే చూసి పెట్టుకోండి.

డాలస్ ప్రాంతపు బంకమన్ను వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. దాని వల్ల పునాది కదిలి గోడలు పగిలితే మామూలు పాలసీ చెల్లించదు. పునాది కింద పైపు కారడం వల్ల కలిగే నష్టానికి కొన్ని కంపెనీలు ఎండార్స్‌మెంట్ అమ్ముతాయి, అది ఉంటే తీసుకోవడం మంచిది.

ఆరో మెట్టు: బంగారం

సామాను కవరేజ్ 3 లక్షల డాలర్లు ఉన్నంత మాత్రాన పెళ్లినాటి నగలు కూడా అందులోనే ఉన్నాయని అనుకోవద్దు. నగల దొంగతనానికి మామూలు పాలసీల్లో విడిగా ఒక పరిమితి ఉంటుంది. చాలావాటిలో అది 1,500 డాలర్ల దగ్గరే ఆగిపోతుంది. ఒక జత గాజులకు కూడా అది చాలదు. బంగారు బిస్కెట్లు, నాణేలు నగల లెక్కలోకి కూడా రావు. వాటిని నగదుతో కలిపి 200 డాలర్ల పరిమితిలో పెట్టే పాలసీలున్నాయి.

దీనికి మార్గం, నగలను ఒక్కొక్కటిగా వివరించి పాలసీలో షెడ్యూల్ చేయించడం (జాబితాగా చేర్పించడం). అలా చేస్తే సాధారణంగా డిడక్టిబుల్ ఉండదు, ఎక్కడో జారిపోయినా చెల్లిస్తారు. అప్రైజల్ (నిపుణుడి విలువ అంచనా) కాగితం కావాలి. మన ఊరి దుకాణం బిల్లులో గ్రాముల బరువు, 22 క్యారెట్ల గుర్తు, తరుగు, మజూరీ, రాళ్ల విలువ విడివిడిగా ఉంటాయి కాబట్టి, ఆ బిల్లును పారేయకుండా అప్రైజర్‌కు చూపితే పని సులువవుతుంది. హారాన్ని, వడ్డాణాన్ని పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి, ఇంట్లో కాక వేరే చోట కూడా దాచండి. బ్యాంకు లాకరులో పెట్టినవాటికి బ్యాంకు డిపాజిట్లకు ఉండే ఎఫ్‌డీఐసీ హామీ వర్తించదన్నది కూడా తెలుసుకోవాలి.

ఇంట్లో నుంచి కేటరింగ్, పిల్లల సంరక్షణ, సంగీతం పాఠాలు వంటివి డబ్బు తీసుకుని చేస్తుంటే ఆ సంగతి ఏజెంటుకు చెప్పండి. వ్యాపారం వల్ల వచ్చే బాధ్యతను గృహ బీమా మినహాయిస్తుంది.

ఏడో మెట్టు: కోట్‌లు, క్లోజింగ్

కాంట్రాక్టు కుదిరిన వెంటనే, ఇన్‌స్పెక్షన్ గడువు ఇంకా ఉండగానే కోట్‌లు అడగాలి. ఒకే కంపెనీకి పనిచేసే ఏజెంట్లు ఉంటారు, పలు కంపెనీల పాలసీలు చూపే ఇండిపెండెంట్ ఏజెంట్లు ఉంటారు. ఇద్దరినీ అడగండి, ఒకే కవరేజ్, ఒకే డిడక్టిబుల్ అంకెలు ఇచ్చి అడగండి. టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖ భాగస్వామ్యంతో నడిచే హెల్ప్‌ఇన్షూర్ వెబ్‌సైటులో కంపెనీలను పోల్చి చూడవచ్చు. టెక్సస్‌లో క్రెడిట్ చరిత్రను బట్టి ప్రీమియం నిర్ణయించవచ్చు కాబట్టి కొత్తగా వచ్చినవారికి కోట్‌లు ఎక్కువగా రావచ్చు. రెండేళ్ల తరువాత మళ్లీ అడిగితే తగ్గే అవకాశం ఉంది.

పాత ఇల్లయితే, అమ్మేవారిని క్లూ రిపోర్టు అడగండి. గత ఏడేళ్లలో ఆ ఇంటి మీద పడిన క్లెయిమ్‌లు అందులో కనబడతాయి. అమ్మేవారు ఇంటి స్థితిని తెలిపే టెక్సస్ సెల్లర్స్ డిస్‌క్లోజర్ పత్రంలో, క్లెయిమ్ డబ్బు తీసుకుని మరమ్మతు చేయించకుండా వదిలేశారా అన్న ప్రశ్న ఉంటుంది. ఆ జవాబును పైకప్పు స్థితితో పోల్చి చూడండి.

క్లోజింగ్‌కు లెండర్ బైండర్ (పాలసీ చేతికి వచ్చేదాకా చెల్లే తాత్కాలిక పత్రం) లేదా డిక్లరేషన్స్ పేజీ అడుగుతాడు. అందులో లెండర్ పేరు, దాని చివర వారసులు, బదిలీదారులు అని సూచించే ఐఎస్ఏఓఏ అక్షరాలు, అప్పు నంబరు సరిగా ఉన్నాయో చూడండి. వీటిలో ఒక్కటి తప్పినా క్లోజింగ్ ఆగిపోవచ్చు. మొదటి ఏడాది ప్రీమియం అప్పుడే కట్టేస్తారు, ఆ తరువాత నెలనెలా ఎస్క్రోలోకి (బీమా, పన్నుల కోసం లెండర్ ఉంచే ఖాతాలోకి) వెళుతుంది. ప్రీమియం పెరిగితే మీ నెల వాయిదా కూడా పెరుగుతుంది. అప్పు ఒక సంస్థ నుంచి మరొకదానికి మారినప్పుడు, బీమా ఉన్న సంగతి కొత్తవారికి అందకపోతే, వారే మీ తరఫున ఖరీదైన ఫోర్స్-ప్లేస్డ్ పాలసీ వేస్తారు. అది మీ సామానును, మీ బాధ్యతను కాపాడదు. అలా చార్జి చేయడానికి కనీసం 45 రోజుల ముందు నోటీసు పంపాలి కాబట్టి ఆ ఉత్తరాన్ని ప్రకటన అనుకుని చింపేయవద్దు.

ఇల్లు అద్దెకిచ్చి మరో ఊరికి మారినప్పుడు, ఇండియాకు తిరిగి వెళ్లిపోయినప్పుడు పాత పాలసీని అలాగే కొనసాగించడం పెద్ద పొరపాటు. యజమాని నివసించని ఇంటికి డీపీ-3 వంటి లాండ్‌లార్డ్ పాలసీ కావాలి. ఇల్లు 30 లేదా 60 రోజులకు మించి ఖాళీగా ఉంటే కొన్ని నష్టాలకు చెల్లించని నిబంధన కూడా ఉంటుంది. ఎన్ని రోజులో మీ పాలసీలో చూసుకోండి.

కాలిఫోర్నియాలో కొనేవారికి ముఖ్య ప్రశ్నలు వేరు. అక్కడ భూకంపానికి, 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం తరువాత 1996లో ఏర్పడిన కాలిఫోర్నియా ఎర్త్‌క్వేక్ అథారిటీ ద్వారా విడిగా పాలసీ తీసుకోవచ్చు. కార్చిచ్చు ప్రమాదం ఉన్న చోట్ల ప్రైవేటు కంపెనీలు నిరాకరిస్తే, చివరి దిక్కుగా ఫెయిర్ ప్లాన్ ఉంటుంది. టెక్సస్ సముద్ర తీరంలోనైతే గాలివాన రక్షణకు టెక్సస్ విండ్‌స్టార్మ్ ఇన్సూరెన్స్ అసోసియేషన్ ఉంది.

ఎనిమిదో మెట్టు: నష్టం జరిగినప్పుడు

ముందు నష్టం పెరగకుండా ఆపాలి: నీటి వాల్వ్ కట్టేయడం, చిల్లుపడిన పైకప్పుపై టార్పాలిన్ వేయించడం. ఆ ఖర్చు రసీదులు దాచండి. ఏదీ పారేయకముందే ఫోటోలు, వీడియోలు తీయండి. శాశ్వత మరమ్మతులు, నష్టాన్ని అంచనా వేసే కంపెనీ అడ్జస్టర్ చూసే దాకా ఆపండి. నష్టం డిడక్టిబుల్ కంటే తక్కువగా ఉంటుందని తెలిసినప్పుడు క్లెయిమ్ వేయకపోవడమే మేలు, ఎందుకంటే డబ్బు రాకపోయినా ఆ క్లెయిమ్ చరిత్రలో నమోదవుతుంది.

టెక్సస్ చట్టం ప్రకారం మీరు రాతపూర్వకంగా తెలియజేసిన 15 రోజుల్లో కంపెనీ స్పందించాలి. అడిగిన పత్రాలన్నీ అందాక 15 పని దినాల్లో అంగీకరించడమో తిరస్కరించడమో చేయాలి. అంగీకరించాక 5 పని దినాల్లో చెల్లించాలి. పెద్ద విపత్తుల సమయంలో ఈ గడువులు పెరుగుతాయి. ఎవరితో ఏ రోజు ఏమి మాట్లాడారో ఒక నోటుపుస్తకంలో రాస్తూ ఉండండి. అడ్జస్టర్ వచ్చినప్పుడు మీ కాంట్రాక్టర్ కూడా పక్కన ఉండేలా చూసుకుంటే, గట్టర్, కిటికీ జాలీ, ఏసీ కండెన్సర్ రెక్కల వంటివి లెక్కలో తప్పిపోవు.

అంచనా తక్కువగా ఉందనిపిస్తే, కాంట్రాక్టర్ అంచనా జతచేసి తిరిగి పరిశీలించమని రాయండి. పెద్ద నష్టమైతే మీ తరఫున లెక్కగట్టే, లైసెన్సు ఉన్న పబ్లిక్ అడ్జస్టర్‌ను పెట్టుకోవచ్చు. టెక్సస్‌లో అతని రుసుము క్లెయిమ్ మొత్తంలో 10 శాతం మించకూడదు. అప్పటికీ తేలకపోతే టెక్సస్ ఇన్సూరెన్స్ శాఖకు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు.

ఇంటిపై అప్పు ఉంటే కట్టడానికి వచ్చే చెక్కు మీ పేరుతో పాటు లెండర్ పేరు మీద కూడా రావచ్చు. అప్పుడు లెండర్ సంస్థలో ఆ పని చూసే విభాగానికి ఫోన్ చేసి, చెక్కు మీద వారి సంతకం (ఎండార్స్) చేయించుకోవడానికి ఏ పత్రాలు పంపాలో అడగండి. పెద్ద మొత్తాలను వారు పని సాగే కొద్దీ విడతలుగా విడుదల చేస్తారు. పని పూర్తయ్యాక, ఆపి ఉంచిన తరుగుదల సొమ్ము కోసం తుది బిల్లు, చెల్లింపు రసీదు పంపడం మర్చిపోవద్దు. దానికి పాలసీలో గడువు ఉంటుంది, ఆ తేదీని క్లెయిమ్ వేసిన రోజే క్యాలెండర్‌లో రాసుకోండి.